విశాఖ నుంచి కాకినాడ వరకు తెరచాప పడవపై: చేపల రేవుల్లో ఆగుతూ వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

తెరచాప పడవ నడపడం కొంత నేర్చుకున్నవారు నన్ను ఎక్కువగా అడిగేవి మూడు ప్రశ్నలు: ఏ నెలలో బయలుదేరాలి, దారిలో ఎక్కడ ఆగాలి, రేవుకు చేరాక పడవను ఎక్కడ కట్టుకోవాలి. మన కోస్తాలో విహార పడవల కోసం కట్టిన రేవులు దాదాపు లేవు కాబట్టి మనం ఆగేది చేపల రేవుల్లోనూ, మత్స్యకార గ్రామాల ముందున్న తెరిచిన సముద్రంలోనూ. అవి ఇతరులు పొట్టపోసుకునే చోట్లు. వారు వేటకు వెళ్లే వేళ, తిరిగివచ్చే వేళ, వేలం వేళ తెలుసుకుని మన ప్రయాణాన్ని ఆ వేళల చుట్టూ అల్లుకుంటే మిగతా పనులన్నీ సులువవుతాయి.

ఈ సూచనలు 8 నుంచి 10 మీటర్ల పొడవు, నీటిలో సుమారు మీటరున్నర లోతుకు దిగే అడుగు, నమ్మదగిన డీజిల్ ఇంజను ఉన్న పడవకు వర్తిస్తాయి. పడవలో కనీసం ముగ్గురు ఉండాలి. వారిలో ఇద్దరికి రాత్రి పూట చుక్కాని పట్టిన అనుభవం ఉండాలి.

1. కాలాన్ని ఎంచుకోవడం

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులు సముద్రాన్ని కుదుటపడనివ్వవు. ఏప్రిల్ మధ్య నుంచి వేట నిషేధం వల్ల రేవుల్లో చోటు దొరకదు. విహారానికి మిగిలేది జనవరి నుంచి మార్చి వరకే.

ఆ మూడు నెలలూ కూడా ఒకేలా ఉండవు. జనవరిలో ఈశాన్య గాలి ఇంకా నిలిచి ఉంటుంది కాబట్టి విశాఖ నుంచి నైరుతి దిక్కుగా కాకినాడకు వెళ్లేటప్పుడు అది వెనుక నుంచి తోస్తుంది. ఫిబ్రవరి నుంచి తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి మళ్లి మార్చి, ఏప్రిల్ నెలల్లో బలపడుతుంది, గాలి కూడా నెమ్మదిగా దక్షిణం వైపు తిరుగుతుంది. అందుకే జనవరిలో వెళ్లి, ఫిబ్రవరి చివర లేదా మార్చిలో తిరిగి రావాలని నేను గట్టిగా చెబుతాను. మార్చిలో కాకినాడ వైపు బయలుదేరినవారు గాలికీ నీటికీ ఎదురీదుతూ రోజంతా ఇంజను మీదనే గడపవలసి వస్తుంది.

రోజులోనూ గాలికి ఒక క్రమం ఉంది. తెల్లవారుజామున నేల మీద నుంచి మెల్లగా వీచే గాలి పొద్దెక్కేసరికి తగ్గిపోతుంది, మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పుంజుకుంటుంది. తెల్లవారుజామునే లంగరు ఎత్తితే ఈ రెండు గాలులూ ఉపయోగపడతాయి.

ఆటుపోట్ల లెక్కకు భారత సర్వేక్షణ సంస్థ ఏటా ప్రచురించే పట్టికలను వాడండి. విశాఖ, కాకినాడల దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం సుమారు మీటరున్నర మారుతుంది. అమావాస్య, పౌర్ణమి తిథుల చుట్టూ ఈ తేడా ఎక్కువగా, అష్టమి ప్రాంతంలో తక్కువగా ఉంటుందన్నది పంచాంగం చూసే ప్రతి జాలరికీ తెలుసు. మీ ప్రయాణ తేదీల పక్కన తిథులను కూడా రాసి ఉంచుకోండి.

2. పడవను సిద్ధం చేయడం

ఈ తీరంలో పడవను కాపాడేది లంగరు. తెరచాపలు పాతవైనా ప్రయాణం సాగుతుంది కానీ చిన్న లంగరుతో, మన మొదటి మజిలీ అయిన పూడిమడక తీరం ముందు ఒక్క రాత్రి కూడా నిశ్చింతగా పడుకోలేరు. పడవకు తయారీదారు సూచించిన దానికన్నా ఒక మెట్టు బరువైన లంగరు ఒకటి, దానికి తోడుగా రెండోది తీసుకోండి.

బయలుదేరే ముందు పడవలో ఉండవలసినవి:

- ప్రధాన లంగరుకు కనీసం 50 మీటర్ల గొలుసు, లేదా 15 మీటర్ల గొలుసుకు జోడించిన 60 మీటర్ల నైలాను మోకు
- వేరే మోకుతో రెండో లంగరు
- పడవ పక్కలకు ఒరిపిడి తగలకుండా వేలాడదీసే పెద్ద గాలి బుడ్డీలు (ఫెండర్లు) ఆరు, వాటి బయట వేలాడదీయడానికి రెండు మీటర్ల పొడవున్న మందపాటి చెక్క పలక
- 20 మీటర్ల కట్టు తాళ్లు నాలుగు, ఒరిపిడి తగిలే చోట చుట్టడానికి పాత పైపు ముక్కలు
- మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున తాగునీరు, అదనంగా రెండు రోజుల నిల్వ
- రంపపు పళ్లున్న కత్తి, ఈత కళ్లద్దాలు, నడుముకు కట్టుకునే తాడు
- ఓడలతో, రేవులతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో, జీపీఎస్, లోతు చూపే పరికరం, చేతి దిక్సూచి
- ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్, రాత్రికి మనిషిని పడవకు కట్టి ఉంచే నడుము పట్టీ
- డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు ప్రచురించిన తాజా నావిక పటాలు

చెక్క పలకను చాలామంది అనవసరమనుకుంటారు. చేపల పడవల పక్కలకు లారీ టైర్లు వేలాడుతుంటాయి, జెట్టీ అంచుల్లో ఇనుప కడ్డీలు పొడుచుకు వచ్చి ఉంటాయి. గుండ్రటి ఫెండరు వాటి మధ్య సందులోకి జారిపోతుంది. రెండు ఫెండర్ల బయట అడ్డంగా కట్టిన పలక మాత్రమే పడవ పక్కను కాపాడగలదు.

విదేశాల నుంచి వచ్చే మనవారు ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు వాడటం నేరం. వాటి బదులు ఆపద సంకేతం పంపే అత్యవసర బీకన్ కొని, బెంగళూరులోని ఇస్రో కేంద్రంలో నమోదు చేయించుకోండి.

3. ముందుగా ఎవరికి చెప్పాలి

పడవ రిజిస్ట్రేషన్, బీమా, పడవలో ఉన్నవారి గుర్తింపు కార్డుల అసలు ప్రతులతో పాటు నకళ్లు నాలుగు జతలు నీరు తగలని సంచిలో పెట్టుకోండి. మీ మార్గం, ఆగే చోట్లు, తేదీలు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద తెలుగులో, ఇంగ్లిషులో రాసి మెరైన్ పోలీసు స్టేషనులోనూ, కోస్ట్ గార్డుకూ, బయలుదేరే పోర్టులోనూ ముందే ఇవ్వండి. తీరం వెంట అపరిచితమైన పడవ కనిపిస్తే విచారించడం వారి విధి. ముందుగా ఇచ్చిన కాగితం ఉంటే ఆ విచారణ ఐదు నిమిషాల్లో ముగుస్తుంది.

విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం, పూడిమడకకు దిగువన రాంబిల్లి దగ్గర కూడా నౌకాదళ స్థావరం ఉంది. ఈ రెండు చోట్లా పటంలో గీసిన నిషిద్ధ ప్రాంతాలకు బాగా ఎడంగా వెళ్లండి, ఫోటోలు తీయకండి, డ్రోన్ ఎగరేయకండి. కాల్పుల విన్యాసాల హెచ్చరికలు ఉన్నాయేమో బయలుదేరే రోజు ఉదయం మళ్లీ చూడండి.

ఫోన్లో ముందే నమోదు చేసుకోవలసిన నంబర్లు: కోస్ట్ గార్డుకు 1554, మెరైన్ పోలీసులకు 1093. రేడియోలో అత్యవసర పిలుపులకు వాడే 16వ ఛానెల్ ఎప్పుడూ తెరిచి ఉండాలి.

వాతావరణానికి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి అంచనా, విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం ప్రకటనలు రెండూ చూడాలి. గాలి అంచనా బాగుందని సంతృప్తి పడకుండా, దూరం నుంచి వచ్చే ఉబ్బు అలల ఎత్తు, వాటి మధ్య వ్యవధి కూడా చదవండి. గాలి లేని రోజున కూడా ఆ అలలే తీరం ముందు లంగరు వేయనివ్వవు. పోర్టులో 1వ నంబరు సూచిక ఎగరేసినా సరే, ప్రయాణం ఆపండి. అది దూరపు హెచ్చరికే కావచ్చు, కానీ మన దారిలో తలదాచుకునే చోట్లు చాలా తక్కువ.

4. దారిని విభజించడం

విశాఖ నుంచి కాకినాడ ముఖద్వారం వరకు నేరుగా సుమారు 70 నాటికల్ మైళ్లు (ఒక్కొక్కటి సుమారు 1.85 కిలోమీటర్లు). 5 నాట్ల వేగంతో, అంటే గంటకు 5 నాటికల్ మైళ్ల చొప్పున, 14 గంటలు. పగటి మజిలీలుగా విడగొడితే ఇలా ఉంటుంది:

- విశాఖ నుంచి పూడిమడక: సుమారు 21 మైళ్లు. దారిలో గంగవరం పోర్టుకు వచ్చిపోయే పెద్ద ఓడలు ఎదురవుతాయి, వాటి కాలువను అడ్డంగా, వేగంగా దాటాలి.
- పూడిమడక నుంచి పెంటకోట: సుమారు 25 మైళ్లు. అన్నింటిలో పొడవైన మజిలీ ఇదే.
- పెంటకోట నుంచి ఉప్పాడ ఎదుటకు: సుమారు 21 మైళ్లు.
- ఉప్పాడ నుంచి కాకినాడ అఖాతంలోకి: సగం రోజు కూడా పట్టదు.

పూడిమడక, పెంటకోట, ఉప్పాడ మూడు చోట్లా మీరు నిలిచేది తెరిచిన తీరం ముందే. అలలు మీటరు దాటినా, తూర్పు గాలి వచ్చే సూచన ఉన్నా అక్కడ ఆగాలన్న పట్టు వదిలేయండి. అటువంటప్పుడు విశాఖలో సాయంత్రం 5 గంటలకు బయలుదేరి రాత్రంతా నడిచి, బాగా తెల్లవారాక కాకినాడ చేరడం సురక్షితం.

పెంటకోట దగ్గర తాండవ నది సముద్రంలో కలుస్తుంది. స్థానిక ఫైబర్ బోట్లు ఆ మొగలోంచి అలవోకగా లోపలికి వెళ్తుంటే మనకూ వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి. ఆ బోట్లు మోకాలి లోతు నీటిలో తేలతాయి, మన అడుగుకు మీటరున్నర కావాలి. మొగ ముందు ఇసుక మేట ప్రతి వర్షాకాలానికీ చోటు మారుతుంది, పటంలోని లోతులను నమ్మడానికి వీల్లేదు.

మాఘ పౌర్ణమికి పూడిమడక తీరం స్నానాలకు వచ్చిన జనంతో నిండిపోతుంది. ఆ ముందురోజు, ఆ రోజు అక్కడ ఆగే ఆలోచన పెట్టుకోకండి.

5. వలల మధ్య నడవడం

పగలైనా రాత్రయినా ఈ ప్రయాణంలో అసలైన ప్రమాదం వలలదే. తేలే వలకు జెండా కట్టిన కర్ర, థర్మాకోల్ బెండ్లు, ఖాళీ డబ్బాలు గుర్తులు. రాత్రి కొన్నిటికి చిన్న మిణుకు దీపం ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు. చిన్న పడవలకు తామున్న చోటును ఇతర ఓడలకు తెలిపే ఏఐఎస్ పరికరం ఉండదు కాబట్టి తెర మీద ఏమీ కనిపించలేదని ముందు ఖాళీగా ఉందనుకోకూడదు.

ఒక పడవ ఇంజను ఆపి నిలిచి ఉంటే, దాని వల గాలి వచ్చే వైపు పరుచుకుని ఉంటుందని భావించండి. పడవకు గాలి ఎక్కువ తగులుతుంది, వలకు తగలదు కాబట్టి పడవ ముందుగా జరిగి వల వెనుక మిగులుతుంది. కనుక ఆ పడవకు గాలి పోయే వైపు నుంచి దాటాలి. సందేహముంటే వేగం తగ్గించి, చేయి ఊపి, "బాబాయ్, వల ఎటుంది?" అని అడగండి. చేతితో చూపిస్తారు. అడిగినందుకు విసుక్కున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు.

వేటలో ఉన్న పడవకు దారి ఇవ్వవలసింది తెరచాప పడవే. అంతర్జాతీయ నియమమూ అదే. రాత్రి పూట ఆకుపచ్చ దీపం కింద తెల్ల దీపం కనిపిస్తే అది వలను నీటిలో ఈడ్చుకుంటూ వెళ్లే (ట్రాలింగ్) పడవ, ఎరుపు కింద తెలుపు ఉంటే మరో రకం వేట. అయితే ఈ దీపాలు సరిగా పెట్టుకోని పడవలు చాలా ఉంటాయి కాబట్టి రాత్రి ఒకరు ముందు భాగంలోనే కూర్చుని చూడాలి.

వల చిక్కితే చేయవలసిన క్రమం:

1. వెంటనే ఇంజనును న్యూట్రల్‌లోకి తెచ్చి ఆపండి. వెనక్కి తిప్పితే విడిపోతుందన్న ఆశతో గేరు వేయకండి, ఇంకా బిగుస్తుంది.
2. తెరచాపలు దించి పడవను నిదానించండి.
3. కొక్కెం కర్రతో తాడును పైకి లాగి, కోయకుండా విడదీయగలరేమో చూడండి.
4. నీటిలోకి దిగక తప్పకపోతే, నడుముకు తాడు కట్టుకుని, ఇంజను తాళం జేబులో పెట్టుకున్నాకనే ఒకరు దిగాలి. అలలు ఎక్కువగా ఉంటే దిగవద్దు, తెరచాపతో దూరంగా జరగండి.
5. కోయక తప్పకపోతే కోసిన రెండు కొసలనూ కలిపి ముడి వేసి వదలండి. యజమాని కోసం వెదికి నష్టం చెల్లించండి.

చివరి పని చాలామంది దాటవేస్తారు. తెగిన వల ఒక కుటుంబానికి కొన్ని వారాల తిండి. ఆ నష్టం చెల్లించకుండా పారిపోయిన పడవ తర్వాత వచ్చే ప్రతి తెరచాప పడవకూ ఆ ఊరి తలుపు మూసేస్తుంది.

6. తెరిచిన తీరం ముందు లంగరు వేయడం

సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు చేరాలి. జనవరిలో పొద్దు ఐదుముప్పావుకల్లా వాలిపోతుంది కాబట్టి మీ గడువు మూడున్నర.

ముందు అలలు విరిగే గీతను దూరం నుంచే గమనించండి. తీరం వైపు నెమ్మదిగా వెళ్తూ 7 మీటర్ల లోతు రాగానే ఆగండి, అంతకన్నా దగ్గరకు వద్దు. పడవలు ఒడ్డునుంచి సముద్రంలోకి దిగే బాటకు ఎదురుగా లంగరు వేయకూడదు. రాత్రి రెండు, మూడు గంటలకు వారు ఆ బాటనే చీకట్లో బయటకు వస్తారు. లంగరు దీపం తెల్లవారేదాకా వెలగాలి.

ఎంత గొలుసు వదలాలో లెక్క: నీటి లోతు 7 మీటర్లు, పడవ ముక్కు ఎత్తు 1 మీటరు, పోటుకు పెరిగే నీరు మీటరున్నర, మొత్తం తొమ్మిదిన్నర. గొలుసైతే దానికి ఐదు రెట్లు, అంటే సుమారు 48 మీటర్లు. ఎక్కువ భాగం మోకు అయితే ఏడు రెట్లు, అంటే 67 మీటర్లు. తర్వాత ఇంజనును వెనక్కి మెల్లగా నడిపి లంగరు పట్టిందో లేదో చూసి, ఒడ్డున రెండు గుర్తుల దిక్కులు దిక్సూచితో రాసుకోండి.

గాలి ఒక వైపు నుంచి, అలలు మరో వైపు నుంచి వస్తే పడవ రాత్రంతా పక్కలకు దొర్లుతుంది. దీనికి చక్కని ఉపాయం ఉంది: లంగరు గొలుసుకు ఒక పొడవైన తాడు ముడివేసి, ఆ తాడును పడవ బయటినుంచి వెనుక కొక్కేనికి తెచ్చి బిగించి, ఆపై గొలుసు ఇంకా కొంత వదలండి. పడవ పక్కకు తిరిగి ముక్కుతో అలలను ఎదుర్కొంటుంది. బిగించే కొద్దీ కోణం మారుతుంది. మొదటిసారి దీన్ని చేసిన రాత్రి మా పడవలో అందరూ నిద్రపోయారు.

ఒడ్డుకు వెళ్లాలంటే రబ్బరు పడవతో విరిగే అలల మీదుగా ప్రయత్నించకండి. పొద్దున వేట నుంచి తిరిగివచ్చే ఫైబర్ బోటును పిలిచి, కూలి ముందే మాట్లాడుకుని ఎక్కండి. ఒకరు మాత్రం పడవలోనే ఉండాలి.

7. కాకినాడలోకి ప్రవేశం

గోదావరి ముఖం నుంచి ఉత్తరంగా సాగిన పొడవాటి ఇసుక తిన్నె, హోప్ ఐలాండ్, కాకినాడ అఖాతానికి సముద్రపు అలల నుంచి అడ్డుగోడ. దారంతటిలో నిజమైన ఆశ్రయం ఇదే. లోపలికి మార్గం ఉత్తరం వైపు నుంచి. తిన్నె కొస పెరుగుతూ ఉంటుంది కాబట్టి దాన్ని దగ్గరగా చుట్టకండి, పటం చూపిన దానికన్నా బాగా ఎడంగా తిరగండి.

లోపల లంగరు వేసిన ఓడలు, వాటికీ ఒడ్డుకూ మధ్య సరుకు మోస్తూ తిరిగే బల్లపరుపు పడవలు (బార్జీలు) ఉంటాయి. బార్జీని లాగే మోకుకు అడ్డుపడే సాహసం చేయవద్దు. అడుగు బురద కాబట్టి లంగరు బాగా దిగుతుంది, కానీ దక్షిణానికి పోయేకొద్దీ లోతు తగ్గిపోతుంది. పోటు ఎక్కుతున్న వేళ, లోతు పరికరం చూస్తూ మెల్లగా వెళ్లండి. పొరపాటున పడవ అడుగు నేలకు ఆనినా పెరిగే నీరు మిమ్మల్ని లేపుతుంది.

నేను అఖాతంలోనే లంగరు వేసి, చేపల రేవుకు స్థానిక పడవలో వెళ్తాను. లోపల కట్టుకోక తప్పకపోతే ఈ క్రమం పాటించండి:

1. మధ్యాహ్నం వేళ రండి. ఉదయం చేపలు దించడం, వేలం, మంచు ఎక్కించడం సాగుతుంటాయి, జెట్టీ అంతా వారిదే.
2. ముందు బయటే నిలిచి, ఒక సరంగును (చేపల పడవ నడిపే పెద్దను) గానీ రేవు సిబ్బందిని గానీ అడిగి చోటు నిర్ణయించుకోండి.
3. కట్టి ఉన్న పడవల వరుసలో అన్నింటికన్నా బయట కట్టండి. లోపలి పడవ ఎప్పుడు బయలుదేరుతుందో అడిగి రాసుకోండి.
4. తాళ్లు పక్క పడవకే కాక, ముందూ వెనుకా ఒక్కొక్కటి జెట్టీకి కూడా కట్టండి. లేకపోతే మీ పడవ బరువంతా వారి కొక్కేల మీద పడుతుంది.
5. అవతలి పడవ మీదుగా నడవవలసి వస్తే ముందుభాగం నుంచి, చెప్పులు విప్పి నడవండి. వలల మీద కాలు పెట్టకండి.
6. రాత్రి ఒకరు మెలకువగా ఉండాలి. సరంగు మూడు గంటలకు పిలిస్తే వెంటనే తాళ్లు విప్పి జరగాలి.

వరుసలో కట్టినప్పుడు స్టవ్ వెలిగించవద్దు. 2023 నవంబరులో విశాఖ చేపల రేవులో రాత్రి మంటలు లేచి, ఒకదానికొకటి కట్టి ఉన్న పదుల పడవలు కాలిపోయాయి. వండినది తిని, గ్యాసు మూసి, మంటలార్పే సిలిండరు చేతికందే చోట పెట్టుకోండి.

హోప్ ఐలాండ్ ఇసుక మీద జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా దిగవద్దు. దగ్గరలో లంగరు వేసిన రాత్రి తెల్లని వెలుగులు ఒడ్డు వైపు వేయకండి.

8. ఒడ్డున నడవడి

ఊరి పెద్దలను ముందు కలవండి. మీరెవరో, ఎన్ని రోజులుంటారో, ఎందుకు వచ్చారో చెప్పండి. చెప్పిన అరగంటకు ఆ మాట ఊరంతా తెలుస్తుంది, ఆ తర్వాత మీ పడవను పది కళ్లు కాపాడతాయి.

చేపలు వేలంలో కొనేవారితో పోటీపడకండి, అది వ్యాపారుల పని. చిన్న పడవవారి దగ్గర వారు చెప్పిన ధరకు కొనండి. చేపల పడవలకు రాయితీపై ఇచ్చే డీజిల్ మీకు ఇమ్మని అడగవద్దు, ఊరి బంకు నుంచి డబ్బాల్లో తెచ్చుకోండి. మనుషుల ఫోటో తీసే ముందు అడగండి.

లోతు గురించి అడిగితే వారు బారల్లో చెబుతారు. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు, దాదాపు ఆరడుగులు. "మూడు బారలు" అంటే ఐదున్నర మీటర్లు. కానీ ఏ పోటు దగ్గర అన్నది కూడా అడగడం మరవకండి.

9. తరచుగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

- చీకటి పడ్డాక కొత్త రేవులోకి రావడం: బయటే 15 మీటర్ల లోతులో ఆగి లేదా మెల్లగా అటూ ఇటూ తిరుగుతూ తెల్లవారనివ్వండి.
- లంగరు జారడం: ఇంజను మొదలుపెట్టి ముందుకు జరిగి, గొలుసు ఇంకా కొంత వదలండి. మళ్లీ జారితే ఎత్తి కొత్త చోట వేయండి. అదే చోట మూడోసారి ప్రయత్నించకండి.
- గాలి పెరిగాక తెరచాప కుదించడం: మధ్యాహ్నపు గాలి వస్తుందని ముందే తెలుసు కాబట్టి పదకొండు గంటలకే ఒక మడత వేయండి.
- తేదీకి కట్టుబడటం: మేము ఒకసారి సెలవు అయిపోతుందని ఎదురుగాలిలో పెంటకోట నుంచి బయలుదేరి, ఎనిమిది గంటల తర్వాత వెనక్కి అక్కడికే వచ్చాం. అప్పటినుంచి పడవను రేవులో అప్పగించి బస్సులో ఇంటికి వచ్చే వీలు ముందే చూసుకుంటున్నాను.

10. తిరుగు ప్రయాణం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఆ సమయంలో రేవులు ఒడ్డుకు చేరిన పడవలతో కిక్కిరిసిపోతాయి, చోటు దొరకదు. మార్చి నెలాఖరులోగా విశాఖ చేరేలా లెక్కవేసుకోండి.

తిరుగుదారిలో అవే చోట్లలో ఆగినా, వెళ్లేటప్పుడు రాసుకున్న లోతులను మళ్లీ కొలవండి. లోతుతో పాటు తిథి, గంట, పోటు స్థితి రాయండి. విశాఖలో దిగిన రోజే మెరైన్ పోలీసులకు, కోస్ట్ గార్డుకు చేరామని ఫోన్ చేయండి. మీరు చేరినట్టు తెలియకపోతే వారు మీ కోసం సముద్రం మీద వెతకడం మొదలుపెడతారు.